చాలప్పా, చాలు

చిక్కబళ్లాపురం స్టేషన్లో చింతామణి బండి కోసం కూర్చొని ఇంగ్లీషు పాఠం బట్టీ పడుతున్నాను. ఆ రోజుల్లో వాక్యం ఒకసారి, దాని తెలుగు ఒకసారి పైకి చదివేవాళ్లం. ‘హీ కట్ హిమ్‌సెల్ఫ్’, తనను తానే కోసుకున్నాడు. ‘హెల్ప్ యువర్‌సెల్ఫ్’, విందులో అతిథితో అనే మాట, మీకు మీరే వడ్డించుకోండి.

పక్కన మూట ఒళ్లో పెట్టుకొని కూర్చున్న ముసలామె నా వైపు తిరిగింది.

“దొరల ఇండ్లల్లో పెట్టేవాళ్లు లేరేమప్పా?”

“ఉంటారమ్మా. అట్లా అనడం వాళ్ల మర్యాద.”

ఆమె మూట ముడి మీద చెయ్యి వేసింది.

“మా ఇంట్లో అందరికీ నేనే పెడతాంటి. ప్లేగులో అందరూ పొయినారు. అప్పట్నుంచి నాకు నేనే పెట్టుకొని తింటాండా. దాన్ని మర్యాదని ఎవురూ అనలేదు.”

నేను పుస్తకం మూశాను. ఆమె మూట విప్పి, తన ముందు ఆకు పరిచి, రాగిరొట్టెలు నా ముందుకు జరిపింది.

“నువ్వు పెట్టప్పా.”

నా కులమేదో అడగలేదు. ఒక రొట్టె తీసి ఆకులో వేశాను. ఇంకొకటి వెయ్యబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, “చాలప్పా, చాలు” అనింది. తనకు తానే పెట్టుకునే మనిషి ఆ మాట ఎవరితో అంటుంది?

పరీక్ష పాసై, ఏళ్ల తరబడి పిల్లలకు ఆ పాఠమే చెప్పాను. ఇంట్లో మాత్రం అందరి తర్వాత మా ఆవిడ తినడానికి కూర్చుంటే, గరిటె నేను అందుకుంటాను.