రెండు తీర్ల మెతుకులు

కొత్త బియ్యం బస్తాలో దుకాణంవాడు ఏం కలిపాడో గాని, నిన్న ఆదివారం కుక్కర్ మూత తీయగానే సన్న మెతుకుల మధ్య దొడ్డు మెతుకులు పలుకు పలుకుగా కనబడి, పాత గోనెసంచి వాసనొకటి ఆవిరితో కలిసి ముఖానికి కొట్టింది. ఇంకొకరైతే దుకాణంవాణ్ని నాలుగు తిట్టేవారు, నేను గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ వాసన నాకు పదిహేనేళ్ల వయసు నుంచీ తెలుసు. అది మా గుడి బియ్యం వాసన.

డోర్నకల్‌కు కొద్ది దూరంలో, రైలు పట్టాల అవతల మా ఊరు. చర్చిని మేమంతా గుడి అనే అనేవాళ్లం. పెంకుల కప్పు, సున్నం గోడలు, గంటకు బదులు వేపకొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఇనుప రాడ్డుతో దాన్ని కొడితే మిరప చేల దాకా వినపడేది. లోపల బెంచీలు లేవు, ఈత చాపలే. కోతపండుగ వచ్చిందంటే ఆ చాపల ముందు గుమ్మడికాయలు, జొన్న కంకులు, చిక్కుళ్లు, కాళ్లు కట్టేసిన కోడిపెట్టలు పోగుపడేవి. పాస్టరుగారు కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంటే మధ్యలో కోడి కొక్కొక్కొమని అడ్డం తగిలేది, మేం ఓణీ కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వేవాళ్లం. ఆరాధన అయ్యాక అరుగు మీద గచ్చకాయల ఆట, ఎవరో ఒకరు ఉడకబెట్టి తెచ్చిన మక్క గుడాలు.

అన్నిటికంటే గుర్తున్నది మాత్రం గుడి మూలన ఉండే రేకు డబ్బా. మా ఇళ్లలో ఆడవాళ్లు ఎసరు పెట్టిన ప్రతిసారీ వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేవారు. ఆదివారం ఆ ముంత తెచ్చి డబ్బాలో ఒంపేవారు. ఒకరివి సన్నవి, ఒకరివి రేషన్ దొడ్డువి, ఒకరివి ఉత్త నూకలు, అన్నీ అందులో కలిసిపోయేవి. ఎవరింట్లో కష్టం వస్తే వాళ్లింటికి ఆ బియ్యం వెళ్లేది. డబ్బా బాధ్యత రూతవ్వది. ఆమె నాకు చుట్టం కాదు, ఊరందరికీ అవ్వ. చుట్ట మానేశానని పాస్టరుగారికి చెప్పి దొడ్డి వెనకాల దాక్కుని కాల్చేది.

నేను పదో తరగతిలో ఉండగా నాయినకు పచ్చకామెర్లు వచ్చి రెండు నెలలు మంచం పట్టాడు. అమ్మ ఒక్కతే మిరపకాయ ఏరడానికి కూలికి పోయేది. ఒక శనివారం రూతవ్వ గుడి బియ్యం మూట తెచ్చి మా గడప లోపల పెట్టి వెళ్లిపోయింది. ఆ బియ్యం ఎంత జాగ్రత్తగా వండినా సన్నవి ముద్దయ్యేవి, దొడ్డువి పలుకుగా మిగిలేవి. బడిలో మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తెరిస్తే, గుడిలో నా పక్కనే చాప మీద కూర్చునే మేరి తొంగిచూసింది.

"ఏందే, రెండు తీర్ల మెతుకులున్నయ్? గుడి బియ్యమా?" అని నవ్వింది.

చెడ్డపిల్ల కాదు, ఊరికే అన్నది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ ఆదివారం నుంచి గుడికి పోవడం మానేశాను. "మింగ మెతుకు లేదు గని మీసాలకు సంపెంగ నూనెనట" అని అమ్మ సణిగినా కదల్లేదు.

ఐదు ఆదివారాలు. పట్టా ముక్క మోగేది, వీధి ఖాళీ అయ్యేది, అమ్మ ఆదివారమూ కూలికే పోయేది, నాయిన గోడవైపు తిరిగి పడుకునేవాడు. గాలివాటున పాట సగం సగం వినపడేది. ఏ చరణం తర్వాత ఏదో నాకు తెలుసు కనుక వినపడని సగం నేను పెదవులతో పూరించుకునేదాన్ని. నేను లేకుండా కూడా ఆ పాట సాగిపోతోందని ఏడుపొచ్చేది. పదిహేనేళ్ల పిల్లకు అలగడం వచ్చు గాని అలక దిగడం రాదు. ఎవరైనా వచ్చి పిలిస్తే బాగుండుననీ, వస్తే తలుపు వేసెయ్యాలనీ రెండూ ఒకేసారి అనుకునేదాన్ని.

ఆరో ఆదివారం గంట కొట్టకముందే రూతవ్వ కర్ర పొడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. ఓదారుస్తుందనుకున్నాను. చెయ్యి చాపింది.

"పిడికెడు బియ్యం ఏవే? ఐదు వారాలాయె, మీ ఇంటి ముంత వస్తలేదు."

నాకు ఒళ్లు మండింది. "మేం తినేదే మీ బియ్యం. అండ్లకెంచి మళ్ల మీకేం ఇయ్యాలె?"

"ఇయ్యాలె మరి. తీస్కునేటోళ్లల్ల చేరినవని ఇచ్చేటోళ్లల్లకెంచి నిన్ను తీసేస్తమా? గట్లని ఎవలు చెప్పిన్రే నీకు? లే, జర జల్ది తే. నా మోకాళ్లు గుంజుతున్నయ్."

గొణుక్కుంటూనే లోపలికి వెళ్లి, ఆమె తెచ్చిన బియ్యంలోంచే పిడికెడు తీశాను. ఇవ్వబోతే తీసుకోలేదు. "నేనెందుకు మోస్త? నువ్వే పట్టుకరా" అని వెనక్కి తిరిగి నడిచింది. పిడికిలి బిగించి, వేళ్ల సందుల్లోంచి గింజ జారకుండా, ఆమె కుంటి నడకకు తగ్గట్టు మెల్లగా వీధి పొడుగునా వెంట వెళ్లాను. డబ్బాలో వేస్తే చప్పుడు కూడా కాలేదు. మేరి చాప మీద కాస్త జరిగింది. ఇన్నాళ్లు ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

ఆ వయసు పిల్లలు సంఘాన్ని విడవకూడదని తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను. నాకు తెలిసింది ఇంతే: ఇంట్లోవాళ్లు కాని మనిషొకరు నీ పిడికెడు కోసం వచ్చి నీ వాకిట్లో నిలబడాలి. దానికి నువ్వు వాళ్ల మధ్య ఉండి ఉండాలి.

రూతవ్వ పోయి చాలా ఏళ్లయింది. మొన్న క్రిస్మస్‌కు వెళ్తే గుడికి స్లాబు పడింది, కుర్చీలు వచ్చాయి, డబ్బా ఉన్న మూలన స్పీకరు ఉంది. ఏ ఇంట్లోనూ ముంత కనబడలేదు. ఇక్కడ హైదరాబాదులో మేం వెళ్లే చర్చిలో ఇసకేస్తే రాలనంత జనం, పక్క కుర్చీవాళ్ల పేరు నాకు తెలియదు. మా అమ్మాయికి పదిహేనేళ్లు. రెండు నెలలుగా చర్చికి రానంటోంది. నిన్న నేనొక్కదాన్నే వెళ్లొచ్చి, వండి, ఆ కుక్కర్ ముందు నిలబడి ఉంటే వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"మమ్మీ, చర్చిల నన్నెవరన్నా అడిగిన్రా?"

అబద్ధమాడదామనుకున్నాను. చివరికి "లేదు బిడ్డా" అన్నాను.

"నాకు తెలుసు" అని వెళ్లబోయింది.

"ఆగు. గా బస్తలకెంచి ఒక పిడికెడు తియ్యి."

నా వైపు వింతగా చూసి, వంగి తీసింది. పిడికిలి బిగించి నా ముందుకు చాపి, "ఎవరికియ్యాలె?" అని అడిగింది.

చర్చిలో అంత జనంలో ఎంత వెతుక్కున్నా నాకు ఒక్క పేరూ దొరకలేదు.