మూడో తరగతి శ్యామలమ్మ నూరు శాతం హాజరు

ప్రభుత్వాలు మారినా మారని ఉద్యోగాలు కొన్ని ఉంటాయి. సికింద్రాబాదు కంటోన్మెంటు అంచున ఉన్న ఒక మిషను బడిలో ఏసురత్నం గారిది అలాంటి ఉద్యోగం. ఉదయం అన్ని తరగతుల రిజిస్టర్లూ తెప్పించి రాని పిల్లల పేర్లు రాసుకోవడం, మధ్యాహ్నం సైకిలెక్కి ఇళ్ళకు వెళ్ళి ఎందుకు రాలేదో కనుక్కోవడం ఆయన పని. జనం ఆయన్ని ‘హాజరీ సార్’ అనేవారు. ఆయన సైకిలు వీధి మలుపు తిరిగిందంటే, అప్పటిదాకా గోళీలాడుతున్న పిల్లలకు చాపమీద జ్వరం వచ్చేది.

ఆయన స్వస్థలం బాపట్ల. పందొమ్మిది వందల ఇరవై ఏడులో డ్రిల్లు మాష్టారుగా ఈ బడికి వచ్చారు. మూడో ఏట మోకాలు మెలిపడి డ్రిల్లు చేయించలేకపోతే, బడిని నడిపే పెద్ద మిస్సమ్మ ఆయన చేతిలోని ఈల తీసుకుని హాజరు పుస్తకం పెట్టింది. ఆ రోజు నుంచి ఏసురత్నం గారు పిల్లల రాకపోకలను, పెద్దలు గ్రహాల రాకపోకలను చూసినంత శ్రద్ధగా చూశారు. ‘తల్లిదండ్రులకు తొమ్మిది సూచనలు’ అని ఒక కాగితం తానే రచించి అచ్చు వేయించారు. బడి మానడానికి జ్వరం, ఇంట్లో చావు, మోకాలు దాటిన వరదనీరు తగిన కారణాలు. మేనమామ రావడం, తలంటి పోసుకోవడం కావు. బోనాలకు ఒకరోజు ఒప్పుకున్నారు. బోనాల మర్నాటి బడలికకు ఒప్పుకోలేదు. నాలుగో సూచన ప్రకారం వందకు డెబ్భై అయిదు రోజులు రాని పిల్ల పై తరగతికి పోదు. ఏడో సూచన మరీ గట్టిది: ఇతరుల పేరున హాజరు పలికిన విద్యార్థి పేరు రిజిస్టరు నుండి కొట్టివేయబడును. తొమ్మిదోది చంటి తోబుట్టువులను చంకనేసుకుని బడికి రాకూడదని.

పోలీసు చర్య జరిగిన రోజుల్లో కూడా ఆయన బడి మానలేదు. అది సోమవారం మొదలై శుక్రవారం ముగిసింది. బడి వారాన్ని ఇంతగా పాటించిన యుద్ధం మరొకటి జరగలేదని ఆయన తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు. ఆ అయిదు రోజులూ వీధిలో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, పైన విమానాలు తిరిగాయి. ఈయన ఖాళీ బడిలో కూర్చుని తరగతికొక సున్న చొప్పున వేశారు. కారణం రాయవలసిన గడి దగ్గర మాత్రం కలం ఆగింది. యుద్ధం జ్వరం కాదు, వరదనీరూ కాదు. చాలాసేపు ఆలోచించి ‘విచారించవలెను’ అని రాశారు. నిజాం సైన్యం లొంగిపోయిందని రేడియోలో చెప్పాక ‘విచారణ ముగిసినది’ అని కింద సంతకం చేశారు.

ఆ గడబిడకు భయపడి బెజవాడకూ షోలాపూరుకూ పోయినవాళ్ళు తిరిగి రావడంతో బడి కిటకిటలాడింది. మరుసటి ఏడు మూడో తరగతిలో అరవై రెండు మంది. కొత్తగా చేరిన ప్రేమమణి టీచరుకు పేర్లు గుర్తుపెట్టుకోవడమే గగనం, ముఖాలు ఆ తర్వాతి సంగతి. ఆ అరవై రెండింటిలో ఒక పేరు ఏసురత్నం గారి కంటికి నక్షత్రంలా కనిపించింది. బోయిన్‌పల్లి వడ్రంగి బ్రహ్మచారి కూతురు శ్యామలమ్మ. జూను నుంచి ఫిబ్రవరి దాకా ఆ పేరుకు ఎదురుగా ఒక్క సున్న లేదు.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన ఇలాంటి వరస చూడలేదు. పూర్తి హాజరు బహుమతికి మిషను వారు ఏటా ఒక గొడుగు ఇచ్చేవారు, అది ఏటా బీరువాలోనే ఉండిపోయేది. ఈసారి శ్యామలమ్మ పేరు రాసి ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు పంపించేసి, ఆ సాయంత్రం పద్మారావు నగర్‌లోని ఇంటికి వెళ్ళి భార్య మేబెల్‌కు గర్వంగా చెప్పారు. ఆమె మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి, పిల్లల సంగతి ఎరుగును.

“తొమ్మిది నెలల్లో ఒక్కరోజు కడుపునొప్పి రాలేదా? అబద్ధపు కడుపునొప్పి కూడానా?” అంది.

“రాలేదు.”

“అయితే అది పిల్ల కాదండీ. బాగా చూడండి.”

మర్నాడు ప్రేమమణి టీచరు ఇంకో ముడి వేసింది. “మాష్టారూ, ఆ శ్యామలమ్మ నాకు అంతుపట్టట్లేదండీ. పన్నెండో ఎక్కం గడగడా చెబుతుంది. పదమూడు అడిగితే నేల చూస్తుంది. పద్నాలుగు మళ్ళీ వచ్చు. సరే కదా అని మర్నాడు అడిగితే పదమూడు పాటలా పాడింది, పన్నెండు, పద్నాలుగు అసలు విననే లేదంది. తెలివి రోజు మార్చి రోజు వస్తోందండీ ఆ పిల్లకు.”

సాయంత్రం ఇంట్లో ఇది విన్న మేబెల్ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. “రోజు మార్చి రోజు వచ్చేది చలిజ్వరం. ఎక్కాలకు క్వినైను ఇచ్చి చూడమనండి.”

ఏసురత్నం గారు ఆ రాత్రి తన తొమ్మిది సూచనలూ మళ్ళీ చదువుకున్నారు. గైరుహాజరుకు కారణం వెతకడంలో ఆయన ఘనుడే. హాజరుకు కారణం వెతకవలసి రావడం మాత్రం మొదటిసారి.

మర్నాడు పది గంటలకు మూడో తరగతి కిటికీలోంచి స్వయంగా చూశారు. నీలం గౌను, రెండు జడలు, మూడో బల్ల, శ్యామలమ్మ ఉంది. బహుమతి సంగతి తల్లిదండ్రులకు చెప్పినట్టూ ఉంటుంది, ఇంటి వాలకం చూసినట్టూ ఉంటుందని వెంటనే సైకిలెక్కి బోయిన్‌పల్లి వెళ్ళారు. బ్రహ్మచారి ఇంటి గడప దగ్గర బ్రేకు వేసి అలాగే నిలబడిపోయారు. వసారాలో చీర ఉయ్యాల ఊపుతూ శ్యామలమ్మ ఉంది. జడలు రెండే. గౌను మాత్రం లేదు, తల్లి పాత రవికె వేలాడుతోంది.

దారిలో తన సైకిలును దాటిపోయిన వాహనమేదీ ఆయనకు గుర్తు రాలేదు. గొంతు సవరించుకున్నారు. “నీ పేరేమిటమ్మా?”

ఆ పిల్ల ఉయ్యాల ఆపకుండానే, “ఇయ్యాల రాజమణి సార్,” అంది.

“ఇవాళ రాజమణి. మరి రేపు?”

“రేపు శ్యామలమ్మ. రేపు గౌను నాది.”

లోపల చిత్రిక పడుతున్న చప్పుడు ఆగి, పొట్టు దులుపుకుంటూ బ్రహ్మచారి బయటికి వచ్చాడు. హాజరీ సారును చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు. “రాండ్రి సార్, రాండ్రి! మా శ్యామలమ్మ మంచిగ వస్తున్నదా బడికి?”

“ఏ శ్యామలమ్మ?”

“ఏ శ్యామలమ్మ అయితేంది సార్, ఒక్క దినం సుత ఖాళీ పోనియ్యలే కద!”

ఏసురత్నం గారు అరుగుమీద కూర్చున్నారు. మోకాలు నొప్పి పుట్టింది. “బ్రహ్మచారీ, ఇద్దరు పిల్లలు ఒక్క పేరుతో బడికి వస్తున్నారా?”

“మరి మీరు ఫీజు మాఫీ సీటు ఒక్కటే ఇస్తిరి గద సార్. పెద్దదాని పేరు రాయిస్తి. చిన్నది దానికంటె ఏడాదే చిన్నది, నేను సుత పోత అని ఏడ్వవట్టె. ఒకదాన్ని పంపి ఒకదాన్ని ఆపుడెట్ల? మా కార్ఖానల చేసినట్టే చేసిన.”

“కార్ఖానాలో ఏం చేస్తారు?”

“హాజరు మస్టరు బుక్కుల పేరు నాదొక్కటే ఉంటది. నాకు ఇంటికాడ పని పడితె తమ్ముడు వీరయ్య నా బదులు బద్లీ పోతడు. బ్రహ్మచారీ అని పిలుస్తె హాజర్ అంటడు. మిస్త్రీకి ఎరికే. మనిషి నిలవడాలె, పని కావాలె, గంతే. ఇయ్యాల అక్కడ బ్రహ్మచారి వాడే, నేను గీ దర్వాజ చేస్తున్న.” అని ఆగి, సారు ముఖం చూసి గొంతు తగ్గించాడు. “ఏం సార్, బడిల గట్ల నడవదా?”

అతని భార్య అనసూయమ్మ కంటోన్మెంటు బంగళాలో పిండి విసిరి అప్పుడే వచ్చింది. సంగతి అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “చిన్నోన్ని ఒగలు చూడాలె గద సార్. గౌను సుత ఒక్కటే ఉండె. పేరు కొట్టేస్తరా ఏంది?”

ఉయ్యాల ఆగింది. రవికెలో ఉన్న రాజమణి ఆయన్నే చూస్తోంది.

ఆయన లేచి సైకిలు స్టాండు తీశారు. తిరుగుదారిలో సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ వచ్చారు. ఏడో సూచన ప్రకారం పేరు పోతుంది. ఏడో సూచన రాసింది తానే. చెప్పకుండా ఊరుకుంటే, తొమ్మిది నెలలుగా తాను సంతకం చేసిన లెక్కలో సగం అబద్ధం. ఆ పైన నాలుగో సూచన ఉంది. శ్యామలమ్మ వచ్చింది సగం రోజులే. రాజమణి వచ్చింది సగం రోజులే, అదీ రాజమణి పేరున కాకుండా.

మూడు రోజులు రిజిస్టరు తెరిచి మూస్తూ గడిపారు. “ఎవరికీ తెలియదుగా, వదిలేయకూడదూ?” అని మేబెల్ ఒక మాట అని చూసింది.

“నాకు తెలుసు కదే.”

“అయితే పోయి చెప్పండి. ఇంట్లో ఇలా నిట్టూరుస్తూ తిరిగితే పాలు విరుగుతున్నాయి.”

నాలుగో రోజు పెద్ద మిస్సమ్మకు అంతా విన్నవించారు. ఆమె తెలుగు నేర్చుకున్నది పుస్తకాల నుంచి, మాట్లాడేదీ పుస్తకంలాగే. “ఏసురత్నము గారూ, ఆ ఇరువురు బాలికలను నేను ఒక్కమారే చూడగోరుచున్నాను,” అంది. తొమ్మిది నెలల్లో మొదటిసారి అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే రోజున బడి గేటు దాటారు. గౌను శ్యామలమ్మ వేసుకుంది. రాజమణికి తల్లి చీర నాలుగు మడతలు వేసి చుట్టింది.

మిస్సమ్మ పదమూడో ఎక్కం అడిగింది. శ్యామలమ్మ చెల్లెలి వైపు చెయ్యి చూపించింది. “పదమూడు దీనిది మిస్సమ్మా. పన్నెండు నాది.”

“ఇంటియొద్ద ఒకరికొకరు చెప్పుకొనలేదా?”

“ఇది చెప్పది మిస్సమ్మా! చింతకాయలు ఇస్తెనే చెప్తనన్నది.”

“నీవు ఇచ్చితివా?”

“ఇచ్చిన. పదమూడేడుల దాక చెప్పి మల్ల ఇయ్యమన్నది.”

“అది ఇచ్చింది ఒక్కటే కాయ మిస్సమ్మా, అది సుత పురుగుది!” అని రాజమణి గొంతు లేపింది. ప్రేమమణి టీచరు గోడవైపు తిరిగి దగ్గింది.

మిస్సమ్మ నవ్వలేదు. ‘తొమ్మిది సూచనల’ కాగితం తీసి ఏడోదాని మీద వేలు పెట్టింది. “ఇది మీరు వ్రాసినదే కదా?”

ఏసురత్నం గారు లేచి నిలబడ్డారు. మూడు రోజులు రిజిస్టరు ముందు కూర్చున్నది ఊరికే పోలేదు. “నేనే రాశానండీ. ఇతరుల పేరున పలికిన విద్యార్థి పేరు కొట్టివేయాలి. శ్యామలమ్మ ఎన్నడూ ఇతరుల పేరున పలకలేదు. తన పేరుకే పలికింది. ఆమెను కొట్టివేయడానికి వీల్లేదు. పరాయి పేరుకు పలికింది రాజమణి. ఆమె పేరు కొట్టివేద్దామంటే రిజిస్టరులో ఆమె పేరే లేదు.”

“కావున?”

“కావున ముందు రాజమణి పేరు రాయాలండీ. రాశాక ఆమె తప్పు చేస్తే అప్పుడు చూద్దాం.”

మిస్సమ్మ వేలు ఏడోదాని మీద నుంచి నాలుగోదాని మీదికి జరిపింది. “మీరు న్యాయవాది కావలసినవారు. కాని నాలుగవ సూచన?”

ఆయన నాలుగోది పైకి చదివి వినిపించారు: వందకు డెబ్భై అయిదు రోజులు రాని పిల్ల పై తరగతికి పోదు. ఇద్దరూ పరీక్షకు కూర్చోరాదని, జూనులో ఇద్దరూ మూడో తరగతిలోనే మళ్ళీ మొదలుపెట్టాలని ఖాయమైంది. రాజమణికీ మాఫీ సీటు ఇవ్వడానికి మిస్సమ్మ ఒప్పుకుంది. గొడుగు బీరువాలోనే ఉండిపోయింది. ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు ఏసురత్నం గారు స్వయంగా ఉత్తరం రాశారు: ఫలానా విద్యార్థిని హాజరు తప్పుగా నమోదైనది, పొరపాటు నాది. ఇరవై రెండేళ్ళలో ఆ వాక్యం ఆయన రాయడం అదే మొదలు. అక్షరాలు కొంచెం వంకరపోయాయి.

మిగిలింది చంటివాడు. అనసూయమ్మ పిండి విసరడం మానలేదు, మానితే ఇల్లు గడవదు. బ్రహ్మచారి పనివేళ ఎప్పుడు ఎక్కడో అతనికే తెలియదు. ఏసురత్నం గారు వేసవి సెలవులంతా ఆలోచించి, కొత్త కాగితం అచ్చుకు ఇచ్చేటప్పుడు శీర్షిక మార్చారు. ‘తల్లిదండ్రులకు ఎనిమిది సూచనలు.’

జూనులో బడి తెరిచిన రోజున ఆయన వరండాలో, మూడో తరగతి కిటికీ పక్కన తన సొంత రిజిస్టరుతో కుర్చీ వేసుకున్నారు. వరండా దూలానికి చీర ఉయ్యాల వేలాడుతోంది, అందులో పద్నాలుగు నెలలవాడు నిద్రపోతున్నాడు. లోపల ప్రేమమణి టీచరు కొత్త రిజిస్టరు విప్పి పేర్లు పిలుస్తోంది.

“శ్యామలమ్మ!”

“ప్రెజెంట్ టీచర్!” రెండు గొంతులు కలిసి పలికాయి. తరగతి గొల్లుమంది.

ఇంకో నలుగురి పేర్లయ్యాయి. “రాజమణి!”

ఎవరూ పలకలేదు. ఏసురత్నం గారి పెన్సిలు గాలిలో నిలిచింది. “రాజమణీ!” అని టీచరు మళ్ళీ పిలిచింది. మూడో బల్ల దగ్గర మోచేతి పోటు ఒకటి పడ్డ అలికిడి, ఆ వెంటనే “నువ్వేనే, పలుకు!” అని గుసగుస. కొంచెం ఆగి, ఎక్కాలు పాడే ఆ గొంతే చాలా చిన్నగా, “ప్రెజెంట్ టీచర్,” అంది.

ఆయన గీత పెట్టబోతుండగా ఉయ్యాలలో చంటివాడు లేచి బిగ్గరగా ఏడుపు అందుకున్నాడు. లోపల రెండు పలకలు ఒకేసారి బల్లమీద పడ్డ చప్పుడైంది. అక్కచెల్లెళ్ళిద్దరూ గుమ్మంలోకి వచ్చేశారు.

“ఎక్కడికి? పోయి కూర్చోండి, ఇద్దరూ!” అన్నారు ఏసురత్నం గారు డ్రిల్లు మాష్టారు గొంతుతో. వాళ్ళు వెనక్కి నడిచాక, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, మంచి మోకాలున్న కాలు చాచి ఉయ్యాల ఊపుతూ, మూడో తరగతి మొత్తం కూడసాగారు.