నా కొలతల పుస్తకానికి జరిగిన అన్యాయం

లాక్‌డౌన్ పద్దెనిమిదవ రోజు: నేను కుట్టిన ప్యాంటు పట్టడం లేదని ఎదురింటి మాస్టారి ఫిర్యాదు. మర్నాడు సరిపోయిందన్నారు, క్షమాపణ లేదు.

ఇరవై ఏడవ రోజు: చొక్కా బిగుతని బావమరిది తిప్పిపంపాడు. మర్నాడు అదే తొడుక్కుని తిరిగాడు, క్షమాపణ లేదు.

నలభై మూడవ రోజు: కిరాణా దుకాణం చెల్లెమ్మ (వరసకే చెల్లెలు) కొడుకు పెళ్లి ప్యాంటును మా గేటుకు తగిలించి, వీధంతా వినబడేలా నిందించింది.

ఆ రోజుల్లో మనిషిని మనిషి తాకరాదు కనుక, సిద్దిపేటలో టైలరన్నవాడి మెడలో టేపు ఉండీ లేనట్టే. దుకాణం మూసి, మిషన్‌ను ఇంటి ముందుగదిలో వేసుకున్నాను. గిరాకీలు బట్టను గేటుకు తగిలించి పోతే, నేను కొలతల పుస్తకం చూసి కుట్టేవాడిని. ముప్ఫై ఏళ్ల కొలతలు తేదీలతో సహా అందులో ఉన్నాయి. లాక్‌డౌన్ వచ్చేదాకా నా చేతి బట్ట ఒక్కటీ తిరిగి రాలేదన్నదే నాకున్న పేరు. (ఆ పేరును అందరికన్నా ఎక్కువగా నేనే చెప్పుకునేవాడినని మా ఇంటావిడ అభిప్రాయం.)

"అన్నా, రేపు పొద్దుగాల లగ్గం. ప్యాంటు పోరని నడుము కాడికొచ్చి ఆగిపాయె. గిదేం కుట్టుడు?" అంది చెల్లెమ్మ, గేటవతల నుంచి.

"పుస్తకంల ముప్పై రెండు రాసున్నది. తారీకు గూడ సదువుతా, ఇను."

"లగ్గం పోరనికా, పుస్తకానికా?"

"నలభై దినాలు దుకాణంల కూసోని మిక్చరు తిన్నది నీ కొడుకు. నా పుస్తకం తిన్నదా?"

కుట్టు విప్పితే తప్పు ఒప్పుకున్నట్టే కనుక, విప్పనని ఖండితంగా చెప్పి లోపలికి వచ్చేశాను. మా ఇంటావిడ గేటుకున్న ప్యాంటు తీసుకుని దొడ్డివైపు పోయింది. మర్నాడు అదే ప్యాంటులో పిల్లవాడు దర్జాగా పెళ్లికి బయలుదేరాడు. "మంచిగ సరిపోయిందే అన్నా!" అని కేకేసింది వాళ్లమ్మ. నేను పుస్తకం తెరిచి, "కొలత సరియే. ఫిర్యాదు అబద్ధం" అని ఎర్ర సిరాతో రాశాను.

ఆ ఉత్సాహంలోనే నా చొక్కాను ఇస్త్రీకని తిరగేశాను. పక్క కుట్టు వెంట పాత సూది రంధ్రాలు కనిపించాయి. వాటికి అంగుళం అవతల కొత్త కుట్టు. అది నా మిషన్ కుట్టు కాదు, మా ఇంటావిడ చేతి కుట్టు. బీరువాలో ఉన్న చొక్కాలన్నీ తిరగేశాను. అన్నీ అంతే! కొన్నింటి దారం ఏనాడో వెలిసిపోయింది. తిరిగి రాలేదని నేను చెప్పుకున్న బట్టల్లో ఎన్ని దొడ్డి తలుపు దగ్గర ఆమెకు చేరి, సరిపడి వెళ్లాయో!

"ఎప్పటి సంది?" అని అడిగాను.

"నేను పుస్తకంల రాసుకోలే," అని నవ్వింది.

ఆనాటి ఎర్ర సిరా రాత ఇప్పటికీ చెరగలేదు. చూసినప్పుడల్లా అది రాసినవాడిపై జాలీ, నవ్వూ కలుగుతాయి. ఇప్పుడు ఏది కుట్టినా లోపల రెండంగుళాల బట్ట అదనంగా వదులుతున్నాను, అడగకుండానే. అయినా పద్ధతి పద్ధతే. కనుక మా ఇంటావిడకు తెలియజేయడమేమనగా: ఎవరెవరి బట్టలను, ఎన్నెన్ని అంగుళాలు, ఏ తేదీ నుండి వదులు చేశారో, నా చొక్కాలతో మొదలుపెట్టి, పదిహేను రోజులలోగా లిఖితపూర్వకంగా సమాధానమివ్వవలసినది. అది అందేవరకు పుస్తకంలో నా పొట్ట కొలత గడిని ఖాళీగా ఉంచుతున్నాను.