స్టీరియో నమలలేదు

మా ఇంట్లో ఒక కథ చెప్పుకుంటారు. పాత కారులో ఉన్న స్టీరియో మా అత్తయ్యగారి క్యాసెట్‌ని నమిలేసిందని, బయటికి లాగబోతే టేపు తెగిపోయిందని. మా ఆయన చెప్తాడు, గుడివాడ వదిన చెప్తుంది, ఆ కారు ముఖమైనా చూడని మా తోడికోడలు కూడా చెప్తుంది. చివర్లో "ఆ రోజుల్లో స్టీరియోలు అంతేగా" అని ఒక నిట్టూర్పు కలుపుతారు. నేను ఒప్పుకోను. ఆ స్టీరియో మా దగ్గర తొమ్మిదేళ్ళు ఉంది. దివిసీమ దుమ్ము తిన్నది, బందరు ఉప్పుగాలి తిన్నది. ఒక్క క్యాసెట్‌నీ తినలేదు. నోరులేనిదాని మీదకి నెట్టేస్తే అందరికీ హాయి. ఆ క్యాసెట్‌ని దగ్గరుండి విప్పించింది నేను. వద్దని చెప్పినా వినకుండా విప్పించాను.

అప్పట్లో మేం బందరులో ఉండేవాళ్ళం. నేను అవనిగడ్డలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. కారు మావయ్యగారిది, అంటే మా ఆయన నాన్నగారిది. నడిపేది నేను. మావయ్యగారికి కోడూరు దగ్గర రెండెకరాల చేను ఉండేది. వారానికి రెండు మూడు రోజులు నాతో బయల్దేరి అవనిగడ్డలో దిగి, అక్కణ్ణించి బస్సులో చేనుకి వెళ్ళేవారు. సాయంత్రం నాకంటే ముందే తిరిగొచ్చి కారులో కూర్చునేవారు. రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. అత్తయ్యగారు పోయి అప్పటికి ఆరేళ్ళు దాటింది.

దారిలో మా ఇద్దరికీ పేచీ పాటల దగ్గరే వచ్చేది. డాష్‌బోర్డు అరలో ఆయనవి ఏడెనిమిది క్యాసెట్లు ఉండేవి, అన్నీ నాటకాల పద్యాలే. ఒక్కో పద్యం చివర ఒక్కో రాగం, రాగం చివర హార్మోనియం.

"ఈయన రాగం ఎత్తుకుని దించేలోపు మనం చల్లపల్లి దాటిపోతాం మావయ్యగారూ" అనేదాన్ని.

"దించడానికి తొందరేముందమ్మాయ్. అవనిగడ్డ ఎక్కడికీ పోదుగా" అనేవారు.

సాయంత్రాలు మాత్రం ఇంకో సంగతి జరిగేది. నేను గేటు దాటి వస్తుంటే ఆయన కారు అద్దాలు సగం ఎత్తుకుని ఏదో వింటూ ఉండేవారు. నేను కనపడగానే బటన్ నొక్కి క్యాసెట్ బయటికి తీసి అరలో పెట్టేసేవారు. నా నోటికి జడిసి పద్యాలు ఆపేస్తున్నారనుకున్నాను. మామగారు కోడలికి జడుస్తున్నాడంటే నాకు లోపల కాస్త గొప్పగానే ఉండేది. రాయడానికి సిగ్గేస్తోంది, అయినా ఉండేది.

ఆ ఎండాకాలం విజయవాడ వెళ్ళినప్పుడు ఎంపీత్రీ ప్లేయర్ ఒకటి కొన్నాను. బొటనవేలంత ఉంటుంది, రెండు వందల పాటలు పడతాయి. మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఒకాయన్ని బతిమాలి నాకిష్టమైన లలితగీతాలన్నీ ఎక్కించుకున్నాను. తీరా చూస్తే దాన్ని కారు స్టీరియోకి తగిలించే దారి లేదు. క్యాసెట్ పెట్టే నోరు తప్ప వేరే పిన్ను గుచ్చడానికి స్టీరియోలో బెజ్జమే లేదు. చెవుల్లో పెట్టుకుని నడిపితే వెనక లారీ హారన్ వినపడదు. క్యాసెట్ ఆకారంలో ఉండి, చివర తీగతో ప్లేయర్‌కి తగిలించే అడాప్టర్ దొరుకుతుందని ఎవరో చెప్పారు. బందరంతా తిరిగాను, దొరకలేదు. చివరికి కోనేరు సెంటరు వెనక సందులో రేడియోలు బాగుచేసే సాయిబుగారి దగ్గరికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి. ఊళ్ళో అందరూ భాయ్ అనే పిలిచేవారు.

"కొనడం ఎందుకు మేడమ్, నేను చేసిస్తా" అన్నాడు. ఒక క్యాసెట్ విప్పి టేపు తీసేసి, పాత టేప్‌రికార్డర్‌లో టేపుని చదివే హెడ్డు ఒకటి లోపల బిగించి, దానికి రెండు తీగలు అతికి, చివర హెడ్‌ఫోన్ పిన్ను పెడతానన్నాడు. స్టీరియో లోపలి హెడ్డు ఈ హెడ్డుని ఆనుకుని, టేపే తిరుగుతోందనుకుని పాట ఎత్తుకుంటుందట. క్యాసెట్ మాత్రం మరలతో బిగించినది తెమ్మన్నాడు. అతికించినవి విప్పితే పగిలిపోతాయి.

మర్నాడు ఆదివారం. మావయ్యగారు కూడా నాతో వచ్చారు. అరలో ఉన్న క్యాసెట్లన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళాను. భాయ్ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. అన్నీ అతుకుల సరుకే. ఒక్కదానికే అయిదు మరలున్నాయి. పైన చీటీ మీద పద్యాలు అని అచ్చేసి ఉంది. దాన్నే భాయ్ ముందు పెట్టాను.

పక్కన స్టూలు మీద కూర్చున్న మావయ్యగారు అప్పుడు మాట్లాడారు.

"అది వద్దమ్మాయ్. ఇంకోటి చూడు."

ఇదిగో, మా ఇంట్లో చెప్పే కథలో ఈ మాట ఉండదు.

"ఇంకోటేది మావయ్యగారూ? మరలున్నది ఇదొక్కటే. అయినా ఈ పద్యాలన్నీ మీకు నోటికొచ్చుగా, క్యాసెట్ ఎందుకు?"

"నోటికొచ్చనుకో..." అని ఆగిపోయారు.

ఆ ఆగడం నేను చూశాను. చూసి, గెలిచాననుకున్నాను.

భాయ్ క్యాసెట్ వెనక అంచు చూపించాడు. దుకాణంలో కొన్న పాటల క్యాసెట్‌కి అక్కడ రెండు గుంటలుంటాయి. పొరపాటున దాని మీద వేరేది రికార్డు కాకుండా అలా వదుల్తారు. ఆ గుంటల్లో కాగితం ముక్కలు కూరి ఉన్నాయి. ఆ రోజుల్లో క్యాసెట్ పట్టుకున్న ఎవరికైనా అదేమిటో తెలుసు. నాకూ తెలుసు.

"దీనిమీద ఏదో రికార్డు చేసుకున్నట్టున్నారు మేడమ్. ఒకసారి పెట్టి చూద్దామా?"

"పద్యాల మీద పద్యాలే అయ్యుంటాయి భాయ్. పెడితే మీరు దుకాణం వదిలి పారిపోతారు."

భాయ్ నవ్వాడు. పక్క దుకాణమాయన నవ్వాడు. మావయ్యగారూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. నా మాటకి నవ్వకపోతే నేను చిన్నబుచ్చుకుంటానని నవ్వినట్టు నవ్వారు. భాయ్ మరలు విప్పి, టేపు చుట్టలు రెండూ తీసి, "తీసుకెళ్తారా మేడమ్?" అని అడిగాడు. "మాకెందుకు" అన్నాను. బల్ల కింద ఉన్న గోనెసంచిలో పడేశాడు.

అడాప్టర్ బ్రహ్మాండంగా పనిచేసింది. కాస్త గరగర ఉండేది, చక్రాలు తిరిగే చప్పుడు సన్నగా వినపడేది, అంతే. మర్నాటి నుంచి దాన్ని స్టీరియోలో పెట్టే పని మావయ్యగారే తీసుకున్నారు. తీగ నలగకుండా మూలనుంచి బయటికి తెచ్చి, పిన్ను నా చేతికిచ్చి, "పెట్టమ్మాయ్ నీ పాటలు" అనేవారు. తన క్యాసెట్లు మళ్ళీ అడగలేదు. ఎంత మంచి మార్పు అని కాలేజీలో చెప్పుకున్నాను కూడా.

వారం తర్వాత ఒక సాయంత్రం నేను కారు దగ్గరికి వచ్చేసరికి స్టీరియో వెలుగుతోంది. అడాప్టర్ లోపలే ఉంది. ప్లేయర్ మాత్రం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. తీగ ఆయన మోకాలి మీద ఊరికే వేలాడుతోంది. ఏం వింటున్నారని అడిగాను.

"ఏం లేదమ్మాయ్. చక్రాలు తిరుగుతున్నాయో లేదోనని."

బ్యాటరీ అయిపోతుంది మావయ్యగారూ అని మందలించాను. పులిగడ్డ దాటేదాకా బ్యాటరీ గురించే పాఠం చెప్పాను.

ఆ నెలలోనే అత్తయ్యగారి తద్దినం వచ్చింది. గుడివాడ నుంచి వదిన వచ్చింది. భోజనాలయ్యాక వక్క నములుతూ, "నాన్నా, అమ్మ క్యాసెట్ కారులోనే ఉందిగా, ఈసారైనా ఒకసారి వినిపించు" అంది. నేను విస్తళ్ళు తీస్తున్నాను. నడుము వంచిన మనిషిని అలాగే ఉండిపోయాను.

ఆయన నావైపు చూడలేదు. "స్టీరియో నమిలేసిందమ్మా. లాగితే తెగిపోయింది" అన్నారు.

వదిన ఏడ్చింది. ఏడుస్తూనే నాకు చెప్పింది. తన పురుటికి అత్తయ్యగారు మూడు నెలలు గుడివాడలో ఉండిపోయారట. ఇంట్లో ఫోను లేదు, ఆవిడకి సంతకం తప్ప రాయడం రాదు. కూతురి చేత ఉత్తరం రాయించుకోవడానికి మొహమాటం. అందుకని ఇంట్లో ఉన్న పద్యాల క్యాసెట్ గుంటల్లో కాగితాలు కూరి, దానిమీద మాట్లాడి, బందరు బస్సు కండక్టర్ చేతికిచ్చి ఆయనకి పంపేవారట. మావయ్యగారు విని, తాను చెప్పాల్సింది రెండోవైపు చెప్పి తిప్పి పంపేవారు. చివరిసారి వచ్చింది మాత్రం ఆయన దగ్గరే ఉంచేసుకున్నారు. "ఏమండీ, వింటున్నారా అని మొదలెట్టేది. అంతే, నన్ను అవతలికెళ్ళవే అని తలుపేసుకునేది. లోపల ఏం చెప్పేదో నేనెప్పుడూ వినలేదు" అంది వదిన.

నేను విస్తళ్ళు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. కూరగాయలవాడితో, ప్రిన్సిపాల్‌తో, మా ఆయనతో, ఆఖరికి పురోహితుడితో కూడా వాదించేదాన్ని. ఆ రోజు "అబద్ధం, నేనే" అన్న రెండు మాటలకి నాకు నోరు పెగల్లేదు.

మర్నాడు కాలేజీ ఎగ్గొట్టి భాయ్ దగ్గరికి పరిగెత్తాను. గోనెసంచి ఖాళీగా ఉంది. ముదినేపల్లి నుంచి చేపల చెరువులాయన నెలకోసారి వచ్చి పాత టేపంతా పట్టుకుపోతాడట. చెరువు మీద గుంజకీ గుంజకీ లాగి కడితే గాలికి జుమ్మని మోగుతుంది, కొంగలు వాలవు. "అడిగాను కద మేడమ్ అప్పుడే" అన్నాడు భాయ్, తప్పు తనదైనట్టు. అవును, అడిగాడు. అతనడిగాడు, ఆయన వద్దన్నారు. ఇద్దరు మగవాళ్ళు మర్యాదగా చెప్తే వినకపోవడమే ధైర్యమనుకున్న వయసు నాది.

ముదినేపల్లి వెళ్ళాను. మండలమంతా చెరువులే. గోధుమరంగు టేపులు ఎండలో తళతళలాడుతూ మైళ్ళకొద్దీ ఉన్నాయి. ఒక గట్టు మీద నిలబడి విన్నాను. జుమ్మంటోంది. అందులో మనిషి గొంతు వినపడుతుందని వెళ్ళేంత వెర్రిదాన్ని కాదు. మరి ఎందుకు వెళ్ళానో చెప్పలేను. చెరువు కాపలా అతను ఎవరు కావాలండీ అని అడిగాడు. ఎవరూ లేరండీ అని వచ్చేశాను.

ఇంటికొచ్చి మావయ్యగారికి క్షమాపణ చెప్పాలనుకున్నాను. రోజూ కారు ఎక్కేటప్పుడు అనుకునేదాన్ని. ఆయన అడాప్టర్ పెట్టి, పిన్ను నా చేతికిచ్చి, "పెట్టమ్మాయ్ నీ పాటలు" అనేవారు. నేను పెట్టేదాన్ని. ఒకసారి పాటలు వద్దు, మీ పద్యాలు పెట్టుకోండి మావయ్యగారూ అన్నాను. "ఎందుకమ్మా, నీకు పడవుగా" అన్నారు, ఎత్తిపొడుపు ఏమీ లేకుండా. మరో మూడేళ్ళకి, ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని, లేవలేదు. నేను అప్పటికీ చెప్పలేదు.

పెద్దకర్మ అయిన రోజు అందరూ ఉండగా చెప్పేశాను. స్టీరియో నమలలేదు, నేను విప్పించాను, ఆయన వద్దన్నారు, అయినా విప్పించాను అని. వదిన నన్ను దగ్గరికి తీసుకుని, "నీకేం తెలుసమ్మా పాపం, తెలిస్తే చేస్తావా" అంది. తెలిసే అవకాశం రెండుసార్లు ఇచ్చారు వదినా అన్నాను. "పోనీలే, పోయినదాని గురించి ఇప్పుడెందుకు" అన్నాడు మా ఆయన. నెల తిరిగేసరికి వాళ్ళ కథలో మళ్ళీ స్టీరియోయే నమిలింది. నా జీవితంలో నేను గెలవాలని ఇంత గట్టిగా వాదించి ఓడిపోయింది ఆ ఒక్కచోటే.

కారు అమ్మేటప్పుడు అడాప్టర్ తీసి దాచుకున్నాను. పైన పద్యాలన్న చీటీ ఇంకా ఉంది, గుంటల్లో కాగితం ముక్కలూ ఉన్నాయి. భాయ్ వాటిని తీయలేదు. అప్పుడప్పుడూ బయటికి తీసి చూస్తాను. అత్తయ్యగారు అందులో ఏం చెప్పారో నాకు తెలియనక్కర్లేదు. అది వాళ్ళిద్దరిదీ. నాకు తెలియాల్సింది ఒక్కటే. అందులో మీ అత్తయ్య గొంతుందమ్మాయ్ అని ఆయన ఒక్క మాటంటే నేను ఆగిపోయేదాన్ని. ఎంత గయ్యాళినైనా ఆగేదాన్ని. ఆ మాట అనలేదు. తర్వాత కన్నకూతురి ముందు నాకోసం అబద్ధమాడారు. మావయ్యగారూ, అది నన్ను కాపాడదామనా, లేక నా నోటికి భయపడా?