తొమ్మిదిలో ఒకటి తీసేస్తే

ఆదివారం పొద్దున్నే ఆర్.కె. పురం క్వార్టర్ల నుంచి మా సైకిలు బృందం ఫరీదాబాద్ వైపు బయల్దేరేది. ఆ దారిలో ఒక ఎత్తు, ఎత్తు మీద ఒక టీ బండి. అందరూ తొక్కుకుంటూ ఎక్కేసేవారు, మావారితో సహా. నేను మాత్రం సగంలో దిగి, సైకిలు నెట్టుకుంటూ చేరేసరికి వాళ్ళ టీలు, కబుర్లు అయిపోయేవి. "అరే భాభీజీ, ఆ గయీ ఆప్? చలియే, వాపస్!" నేను రావడం, వాళ్ళు బయల్దేరడం. ఒళ్ళు మండేది. టీదేముంది, ఎక్కడైనా దొరుకుతుంది. నాకు కావలసింది ఆ కబుర్లు. పైనుంచి పగలబడి నవ్వడం కిందికి వినిపించేది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక నాకు ప్రాణం కొట్టుకుపోయేది.

నా గేర్ల సైకిలు పాతది. వెనక చక్రానికి ఏడు పళ్ళచక్రాల దొంతర, అదే క్యాసెట్. ఎత్తు ఎక్కాలంటే అందులో ఇంకా పెద్ద పళ్ళచక్రం ఉండాలిట. సరే, ఆన్‌లైన్లో అలాంటిది చూసి తెప్పించాను. దానికి తొమ్మిది. ఏడింటికి బదులు తొమ్మిదిస్తామంటే వద్దనే మొహమా నాది?

శనివారం బాల్కనీలో మావారూ నేనూ సైకిలు విప్పుకుని కూర్చున్నాం. దొంతరని మోసే గాడుల గొట్టాన్ని ఫ్రీహబ్ అంటారు. కొత్త క్యాసెట్ దాని మీద చక్కగా దిగింది. హమ్మయ్య అనుకునేలోగా పైన బిగించే మర పట్టనని మొరాయించింది. పాత ఫ్రీహబ్ పొట్టిది మరి, దొంతర దాని అంచు దాటిపోయింది.

"చెప్తే విన్నావా? హాయిగా కొత్త సైకిలు కొనుక్కోవోయ్," అన్నారు మావారు, తన కొత్త సైకిలు వంక ముద్దుగా చూసుకుంటూ.

"మమ్మా, రిటర్న్ కర్ దో నా," అంది మా అమ్మాయి, ఫోన్లోంచి తలెత్తకుండా.

నాకు మాత్రం ఈ వ్యవహారం ఎక్కడో చూసినట్టే ఉంది. ఇడ్లీ స్టాండు! చుట్టాలొచ్చారని ఇంకో రేకు ఇరికిస్తే పైన మర పట్టదు. అప్పుడేం చేస్తాం, కొత్త స్టాండు కొంటామా?

"ఏమండీ, ఒకటి తీసెయ్యండి!"

"తీసేస్తే గేర్లెలా పడతాయే?"

"గేర్లు మార్చే నా పాత లివరుకి కొత్తవాటిలా టక్‌టక్‌మనే మెట్లెక్కడ ఏడిశాయి? ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది."

పెద్ద పళ్ళచక్రాలు ఒకదానికొకటి అతికించి ఉన్నాయి. చిన్నవి విడివిడిగా ఉన్నాయి కాబట్టి వాటి మధ్యలోంచి ఒకదాన్ని, పక్కనున్న రింగుతో సహా లాగేశాం. మర గిర్రున తిరిగి పట్టేసింది! గొలుసు కూడా కొత్తది వేసి, లివరు ఆ చివరి నుంచి ఈ చివరికి లాగి చూశాం, గేర్లన్నీ పడ్డాయి. బాల్కనీలోనే ఒక గంతేశాను.

మర్నాడు నత్త నన్ను దాటిపోయేదేమో గానీ, దిగలేదు. దిగనంటే దిగలేదు! పైకి చేరేసరికి వాళ్ళ చేతుల్లో గ్లాసులింకా పొగలు కక్కుతున్నాయి. నేనూ ఒకటందుకుని, చెవులు రిక్కించి కూర్చున్నాను.

ఒకాయనకి మోకాలి నొప్పి. ఇంకొకావిడకి నడుము. "మేరీ తో జాన్ నికల్ గయీ," ప్రాణం పోయిందని ఒగరుస్తున్నది మావారు! ఇంట్లో నాతో "అదీ ఒక ఎత్తేనా?" అనే మనిషి. నన్ను చూసి నాలిక్కరుచుకున్నారు. వీళ్ళు ఇన్నాళ్ళూ పగలబడి నవ్వుకుంటున్నది ఒకరి నొప్పులు చూసి ఒకరా!

నవ్వీ నవ్వీ టీ ముక్కులోకి ఎక్కింది. గ్లాసు పట్టుకుని వాళ్ళ మధ్యకి జరిగి, నా మోకాళ్ళ కథ మొదటినుంచీ ఎత్తుకున్నాను.