సున్నం ముందా, తెట్టు ముందా

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, డిసెంబరు నెలలో నన్ను అనకాపల్లికి డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను సీనియర్ క్లినికల్ సైకాలజిస్టుని. పెద్దవాళ్ల మతిమరుపును కొలిచే ఒక విదేశీ పరీక్షను మన పల్లెలకు పనికొచ్చేలా మార్చాలి. మాటలు తెలుగు చేస్తే సరిపోదు. కేకు తయారీ బొమ్మల్ని వరసలో పెట్టమంటే చెరకు రైతు ఏం పెడతాడు? అందుకని కేకు తీసేసి, బెల్లం వంట బొమ్మలు ఆరు గీయించాను. జవాబుల పట్టిక, మా భాషలో ‘కీ’, నేనే రాశాను. నా తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

కశింకోట దగ్గరి పల్లె నుంచి అప్పలనాయుడు గారిని కొడుకు రమణ తీసుకొచ్చాడు. ఆయన నలభై ఏళ్లుగా బెల్లం పెనం దగ్గర పాకం చూసే మనిషి. ఈమధ్య తాళాలు ఎక్కడ పెట్టిందీ మరిచిపోతున్నారట. మరిగే పెనం దగ్గర మతి తప్పితే ప్రాణానికే ముప్పని రమణ భయం. మతి బాగానే ఉందని మా కాగితం చూశాకే తండ్రిని పనిలోకి రానిస్తానన్నాడు. పరీక్ష ఇంకా ట్రయల్‌లోనే ఉంది, కాగితం ఇవ్వకూడదు. అయినా ఇస్తానన్నాను.

పెద్దాయనకు గీటు దాటడానికి ఒక్క మార్కు తక్కువైంది. అదీ బొమ్మల దగ్గరే. కీ ప్రకారం ముందు మరిగే చెరకు రసం మీది తెట్టు, అంటే మురికి నురగ, తీసి, తరవాత సున్నం వేయాలి. ఆయన సున్నం ముందు పెట్టారు. ఫలితం విని తువ్వాలు భుజాన వేసుకుని లేచారు. నాకు మనసు చివుక్కుమంది.

వారం తరవాత, పరీక్షకు వచ్చినవాళ్లందరి జవాబుల్నీ ప్రశ్నలవారీగా సరిచూశాం. బొమ్మల వరస పెనం మొహం చూడని గుమాస్తాలందరికీ రైటు, బెల్లం వండేవాళ్లందరికీ తప్పు! మర్నాడే షేర్ ఆటో ఎక్కి వాళ్ల ఊరు వెళ్లాను. పెద్దాయన పెనానికి దూరంగా, మంచం మీద ఊరికే కూర్చున్నారు. బొమ్మలు ముందు పెట్టి అడిగాను.

“సున్నం పడకుండా తెట్టు పైకెలా వత్తాదమ్మా? పప్పు మీద నురగనుకున్నారేటి?” అన్నారు. సరిగ్గా అలాగే అనుకున్నాను. నిజంగానే పప్పులో కాలేశాను. ఆయన ఇంకో బొమ్మ తీసి, “ఈ గరిటేటి ఇంత పొట్టిగుంది? దీంతో కలిపితే సెయ్యి కాలిపోతాది” అన్నారు.

పక్కనే ఉన్న రమణ అది విన్నాడు. పెనం దగ్గరికి నడిచాడు. తరవాత, “నాన్నా, పాకం ఏటయిందో ఓపాలి సూడు” అని పిలిచాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

కీ మారింది, ఆయనకు ఆ మార్కు వచ్చింది. డాక్టరు విడిగా చూసి, ఇది వయసుతో వచ్చే మరుపేనన్నారు. ఒకరు తప్పు చెబితే మనిషిని అనుమానించవచ్చు, ఆ పని తెలిసినవాళ్లంతా తప్పు చెబితే ప్రశ్నను అనుమానించాలి. ఆ తరవాత నేను రాసిన ప్రతి కీనీ, ఆ పని చేసేవాళ్లు దిద్దాకే వాడాను.