కాటా ఒప్పుకున్నా గుండె ఒప్పుకోలేదు

మా మామ ఆదోనిలో వేరుశనగ వ్యాపారి. మా వైపు వాటిని బుడ్డలంటాం. బుడ్డల మూట ఒకసారి పైకెత్తితే చాలు, బరువు చెప్పేసేవాడు. తమ్ముడికి పెళ్లిచూపులకు పోయి, పిల్ల నడక చూసి ఆమె బరువు కూడా చెప్పాడని, ఆ సంబంధం అక్కడే తప్పిపోయిందని నేను చాలామందికి చెప్పాను. సంబంధం తప్పిన మాట నిజం. మిగతాది నేను కలిపింది.

అలాంటి మనిషికి రెండువేల ఐదారు ప్రాంతంలో కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు కర్నూలుకు డయాలిసిస్‌కు పోవాలి. తోడు అత్త, నేను. మామకు మూత్రం రాదు కనక తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే నిలిచిపోతాయి. ఎక్కువైన నీరంతా పోయాక మనిషి ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. మిషన్ ఎక్కేముందు కాటా మీద నిలబెట్టి, దానికి మించి ఎంతుంటే అంత నీరు లాగేస్తారు.

అది ఎండాకాలం. మా అత్త నీళ్ల కుండకు కాపలా కూర్చుంది. మామ స్నానానికి పోతే తలుపు బయట నిలబడి పద్యాలు పాడమనేది. పాడే నోరు తాగలేదని ఆమె లెక్క. పద్యం మధ్యలో ఆగిందంటే తలుపు మీద దబదబా బాదేది. చివరికి పద్యాలైపోయి, మామ బుడ్డల ధరలు రాగం తీసి పాడేవాడు. వీధిలోవాళ్లు వాటిని విని బేరాలు కుదుర్చుకునేవాళ్లంటే మీరు నమ్మరు. నమ్మకండి.

ఆ వేసవిలోనే జ్వరం వచ్చి మామ చాలా రోజులు సరిగా తినలేదు. జ్వరం తగ్గాక కొత్త బాధ మొదలైంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, ఒంట్లో నీరెక్కువైతే అలాగే అవుతుంది. గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేవాడు. కానీ మిషన్ దిగాక కాటా ఎక్కితే మాత్రం పాత డ్రై వెయిటే, ఇసుమంత కూడా తేడా లేదు.

“మీ మామ యాడో నీళ్లు తాగుతాండాడప్పా,” అంది అత్త ఆసుపత్రి వరండాలో. “ఇంట్లో కాకుంటే మండీలో.”

“తాగలే!” మామ ఆయాసపడుతూనే లేచాడు. “కాటా చూసినావు కదా. మనిషి అబద్ధం చెప్తాడు గానీ కాటా చెప్పదే.”

“నీ మండీ కాటాలు ఎట్లాంటివో నాకు తెలీదా?”

డాక్టర్ మామ కాళ్లు నొక్కి చూశాడు, ఛాతీ విన్నాడు, ఎక్స్‌రే తీయించాడు. ఒక రక్తపరీక్ష కూడా రాశాడు. గుండె గోడలు ఎక్కువ నీటి ఒత్తిడికి సాగితే ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయట. అది ఎంతుందో చూడాలన్నాడు. రక్తం హైదరాబాద్ పోయింది. అది తిరిగొచ్చేదాకా అత్త “ఇంక నీ రక్తమే సాక్ష్యం చెప్తాది” అని మామను గుచ్చుతూనే ఉంది. నిజంగానే దొంగ తేలుతానేమోనని పాపం ఆయనకే అనుమానం పట్టుకుంది.

ఫలితం వచ్చింది. పదార్థం బాగా పెరిగింది.

“చూసినావా!” అంది అత్త.

“ఆగమ్మా,” అన్నాడు డాక్టర్. “డయాలిసిస్ వాళ్లకు ఇది మామూలుగానే ఎక్కువ. అందుకే పోయినసారి ఈయన బాగున్నప్పుడు చేసినదాంతో పోల్చాను. అప్పటికంటే చాలా పెరిగింది. ఎక్స్‌రే కూడా అదే చెప్తోంది, ఒంట్లో నీరుంది. కానీ ఈయన దొంగచాటుగా తాగలేదు. జ్వరంలో కండ కరిగింది. కండ పోయినచోట నీరు చేరింది. మొత్తం బరువు మారలేదు. మనం పాత డ్రై వెయిట్ నమ్ముకుని ఆ నీటిని లోపలే వదిలేస్తున్నాం.”

మామ నెమ్మదిగా అన్నాడు. “అంటే సార్, లోపల పప్పు ఎండిపాయె, పైన తేమ పట్టె. మూట తూకం మాత్రం అట్లే ఉండాది.”

డాక్టర్ నా వైపు చూశాడు. బరువు కోసం బుడ్డల మీద నీళ్లు చల్లి తెచ్చేవాళ్లుంటారని, మామ చెవి దగ్గర కాయ ఆడించి ఆ మోసం పట్టేస్తాడని చెప్పాను.

“ఊరందరి మూటలు పట్టినానప్పా,” అన్నాడు మామ తల పట్టుకుని. “నా మూట నేనే పట్టలేకపోతినే!”

డ్రై వెయిట్‌ను కొంచెం కొంచెంగా దించారు. మొదట్లో ఎక్కువ నీరు లాగేసరికి పిక్కలు పట్టేసి మామ అరిచిన అరుపులకు పక్క మంచాలవాళ్లు దేవుళ్లను తలుచుకున్నారు. అలా దించుతూ పోగా ఆయాసం తగ్గింది.

ఒకరోజు తిరుగు బస్సులో మామ వెనక సీటంతా ఆక్రమించి బారుగా పడుకున్నాడు. గురక మొదలైంది. ఆ గురకకు వెనక లారీ వస్తోందనుకుని డ్రైవర్ రెండుసార్లు దారిచ్చాడంటాను నేను.

కోడుమూరులో జనం ఎక్కారు. కండక్టర్ వచ్చాడు. “ఏమప్పా, పెద్దాయనను లేపు. అందరూ కూర్చోవాల.”

అత్త అడ్డంగా నిలబడింది. “లేపితే చూడు! మనిషి నడుం వాల్చి శానా దినాలాయ. ఎవరికి సీటు కావాలో నా సీటిస్తా.”

ఇచ్చేసింది. నా సీటు కూడా ఇచ్చేసింది. ఆదోని దాకా ఇద్దరం నిలబడే వచ్చాం.